ఆర్కిటిక్ మంకీస్ మొదటి ఆల్బమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో ‘ఐ వన్నా బి యువర్స్’ విని ఈ బ్యాండ్ దగ్గరికి వచ్చినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అది 2013లో వచ్చిన ఐదో ఆల్బమ్‌లోని పాట. ఆ నెమ్మదైన పాట చెవికి పట్టాక మొదటి ఆల్బమ్ పెడితే ‘వీళ్లూ వాళ్లూ ఒకటేనా?’ అనిపిస్తుంది. అక్కడి నుంచి పుట్టే ప్రశ్నలే ఇవన్నీ.

ఇంతకీ వీళ్లెవరు? ఎక్కడివాళ్లు?

ఉత్తర ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వాళ్లు. ఉక్కుకీ, కత్తులు, చెంచాల తయారీకీ పేరుమోసిన ఊరది. దాని శివార్లలో హై గ్రీన్ అనే పేటలో అలెక్స్ టర్నర్, జేమీ కుక్ ఇరుగుపొరుగు పిల్లలు. 2001 క్రిస్మస్‌కి ఇద్దరికీ ఇళ్లలో గిటార్లు కొనిచ్చారు. మరుసటి ఏడాదే దోస్తులతో కలిసి బ్యాండ్ కట్టారు. డ్రమ్స్ మాట్ హెల్డర్స్, బేస్ గిటార్ ఆండీ నికల్సన్. మొదట్లో పాడింది వేరే స్నేహితుడు. అతను తప్పుకున్నాక మైక్ టర్నర్ చేతికొచ్చింది. 2003 జూన్ 13న ఊళ్లోని ‘ద గ్రేప్స్’ అనే పబ్బులో మొదటి ప్రోగ్రామ్ ఇచ్చారు. ఆల్బమ్ వచ్చేనాటికి నలుగురికీ ఇరవయ్యేళ్లు, ఓ ఏడాది అటూ ఇటూగా.

ఆల్బమ్ పేరేంటి? ఎప్పుడొచ్చింది?

‘వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్’. బ్రిటన్‌లో 2006 జనవరి 23న విడుదలైంది. అసలు జనవరి 30న రావాల్సింది, గిరాకీ చూసి వారం ముందుకు జరిపారు. అమెరికాలో ఫిబ్రవరి 21న వచ్చింది. 13 పాటలు, మొత్తం నలభై నిమిషాల చిల్లర.

‘మైస్పేస్ వల్ల ఫేమస్ అయిన బ్యాండ్’ అంటారు. నిజమేనా?

మైస్పేస్ అంటే అప్పట్లో వెలిగిన ఓ సోషల్ మీడియా సైట్. ఈ బ్యాండ్ గురించి ఎక్కడ చదివినా ముందు కనిపించే మాట ఇదే. సగం కూడా నిజం కాదు.

జరిగింది ఇది. 2003, 2004ల్లో వీళ్లు షెఫీల్డ్‌లోనే ఓ స్టూడియోలో అలన్ స్మిత్ అనే ఇంజనీర్ దగ్గర డెమోలు (నమూనా రికార్డింగులు) చేసుకున్నారు. వాటిని ఖాళీ సీడీల మీద కాపీ కొట్టి, ప్రోగ్రాములకు వచ్చినవాళ్లకు ఊరికే పంచారు. అమ్ముదామన్న ఆలోచన లేదు, పాటలు జనానికి తెలిస్తే చాలనుకున్నారు. సీడీలు కొన్నే ఉండడంతో, దొరికినవాళ్లు దొరకనివాళ్ల కోసం పాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఒకరికొకరు పంపుకున్నారు. ఆ గుత్తికి అభిమానులే ‘బినీత్ ద బోర్డ్‌వాక్’ అని పేరు పెట్టుకున్నారు. బోర్డ్‌వాక్ షెఫీల్డ్‌లో సంగీత ప్రోగ్రాములు జరిగే ఓ హాలు, టర్నర్ అక్కడ బార్‌లో పనిచేసేవాడు. (అదే భవనం ఒకప్పుడు బ్లాక్ స్వాన్ అనే పబ్బు. 1976లో ద క్లాష్ అనే పంక్ బ్యాండ్ తన మొట్టమొదటి ప్రోగ్రామ్ ఇచ్చిందీ అక్కడే. పంక్ చరిత్ర ఇష్టపడేవాళ్ల కోసం ఈ ముక్క.)

ఇక మైస్పేస్. అందులో బ్యాండ్ పేరుతో ఉన్న పేజీని తెరిచింది అభిమానులు. తమ పాట ఒకటి చార్టులో నంబర్ వన్ అయినప్పుడు రేడియో వార్తల్లో మైస్పేస్ మాట విని, అదేంటో కూడా తమకు తెలియదని వీళ్లు ఇంటర్వ్యూల్లో విసుక్కున్నారు. ఇంటర్నెట్ సాయం లేదని కాదు. పాటలు ఊరు దాటింది దాని వల్లే. కానీ ఆ చేరవేత మొదలైంది పబ్బు గుమ్మం దగ్గర చేతికిచ్చిన సీడీతో. ఆ తర్వాత కథంతా అభిమానులు నడిపిందే. పేపర్లకు మాత్రం ‘ఇంటర్నెట్ పుట్టించిన స్టార్లు’ అన్న హెడ్డింగ్ తేలిగ్గా దొరికింది. రాసేశారు. అదే నిలిచిపోయింది.

ఫలితం మాత్రం విచిత్రంగా ఉండేది. ఒక్క రికార్డూ షాపుల్లోకి రాకముందే, వేరే ఊళ్లలో వీళ్లు స్టేజి ఎక్కితే ముందు వరసలవాళ్లు ప్రతి పాటా మాట తప్పకుండా పాడేవాళ్లు.

పెద్ద కంపెనీలు వెంటపడలేదా? డొమినో లాంటి చిన్న లేబుల్ (రికార్డ్ కంపెనీ) ఎందుకు?

వెంటపడ్డాయి. వీళ్లు తొందరపడలేదు. 2005 మేలో సొంత లేబుల్ పేరు మీద రెండు పాటల రికార్డ్ ఒకటి తెచ్చారు. సీడీలు 500, ఏడంగుళాల రికార్డులు 1,000 మాత్రమే వేశారు. ఆ జూన్‌లో డొమినోతో సంతకం చేశారు. ఆ లేబుల్‌ని లారెన్స్ బెల్ తన ఇంట్లోంచి నడిపేవాడు, తనకు నచ్చిన బ్యాండ్లనే తీసుకునేవాడు. వీళ్లకు నచ్చింది అదే. డొమినో మరీ ఊరూపేరూ లేనిదేం కాదు. అంతకు ముందు ఏడాదే ఫ్రాంజ్ ఫెర్డినాండ్ అనే బ్యాండ్ ఆల్బమ్‌తో, బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ కొట్టింది.

‘డాన్స్‌ఫ్లోర్’ పాట ముందొచ్చిందా, ఆల్బమా?

పాటే. ‘ఐ బెట్ యు లుక్ గుడ్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్’ 2005 అక్టోబర్ 17న వచ్చి, ఆ వారమే బ్రిటన్ చార్టులో మొదటి స్థానంలో కూర్చుంది. పోటీలో ఉన్నది రాబీ విలియమ్స్, షుగబేబ్స్ లాంటి పేర్లు. టీవీలో కనిపించని, చిన్న లేబుల్ కుర్రాళ్లు వాళ్లను దాటడం పెద్ద వార్త అయింది.

ఆ వీడియో తప్పకుండా చూడండి. కథ లేదు, మెరుపుల్లేవు. పాతకాలపు టీవీ కెమెరాలు తెచ్చి, స్టూడియోలో బ్యాండ్ వాయిస్తుంటే అలాగే తీశారు. రంగులు కాస్త ముద్దగా, 1980ల నాటి టీవీ ప్రోగ్రామ్‌లా ఉంటాయి. మొటిమలు కూడా తగ్గని టర్నర్ బ్యాండ్ పేరు, పాట పేరు చెప్పి, ‘ఈ హైప్ నమ్మకండి’ అని ఓ మాట విసిరి గిటార్ అందుకుంటాడు. రెండో సింగిల్ ‘వెన్ ద సన్ గోస్ డౌన్’ కూడా జనవరిలో నంబర్ వన్ అయింది. ఆల్బమ్ వచ్చేసరికి నేల అలా సిద్ధమై ఉంది.

రికార్డింగ్ ఎక్కడ జరిగింది?

లింకన్‌షైర్‌లో సౌత్ థోరెస్బీ అనే పల్లెలో, చాపెల్ స్టూడియోస్‌లో. నిర్మాత జిమ్ ఆబిస్. అంతకు ముందు కసాబియన్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్, తర్వాత అడెల్ మొదటి ఆల్బమ్‌లో కొంత భాగం చేసింది ఈయనే. స్టేజి మీద ఎలా వాయిస్తారో అలాగే పట్టుకోవాలన్నది పద్ధతి. అందుకే ఇందులో తీగ వాయిద్యాలు, కీబోర్డ్ పూతలు వెతికినా దొరకవు. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, అంతే.

డెమోలు అరిగిపోయేలా విన్న పాత అభిమానుల్లో కొందరికి ఈ కొత్త రికార్డింగ్ నచ్చలేదు. ‘మా సీడీలో ఇంకా బాగుండేది’ అన్నారు. ఆ ఫిర్యాదులో కొంత నిజముంది. డెమోల్లో ఓ తొట్రుపాటు, ఓ అల్లరి ఉంటాయి. కానీ హెల్డర్స్ డ్రమ్స్ అసలు ఎలా మోగుతాయో తెలియాలంటే ఆల్బమే వినాలి. మొదటి పాట ‘ద వ్యూ ఫ్రమ్ ది ఆఫ్టర్‌నూన్’ మొదటి పది సెకన్లు హెడ్‌ఫోన్స్‌లో వింటే నేను చెప్పేది తెలుస్తుంది.

అంత పొడుగు పేరేమిటి?

‘నన్ను ఎవరేమనుకుంటే నేను అది కాదు’ అని అర్థం. నాటింగ్‌హామ్ సైకిళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఓ పొగరుమోతు కుర్రాడి కథతో అలన్ సిల్లిటో రాసిన ‘సాటర్డే నైట్ అండ్ సండే మార్నింగ్’ నుంచి తీసుకున్నారు. నవల 1958లో, ఆల్బర్ట్ ఫిన్నీ నటించిన సినిమా 1960లో వచ్చాయి. వారమంతా ఒళ్లొంచి పని, శనివారం రాత్రి తాగి తిరుగుడు, ఆదివారం పొద్దున దాని ఫలితం. ఆల్బమ్ నడిచేదీ దాదాపు ఆ వరసలోనే, శనివారం మధ్యాహ్నం నుంచి మర్నాటి దాకా.

కవర్ మీద సిగరెట్ తాగుతున్నది టర్నరేనా?

కాదు. బ్యాండ్ దోస్తు క్రిస్ మెక్‌క్లూర్. చేతిలో డబ్బులు పెట్టి, రాత్రంతా తాగి రమ్మని పంపి, తెల్లవారుజామున లివర్‌పూల్‌లో ఓ బార్‌లో ఫొటో తీశారు. ఆ కళ్లల్లో మత్తు నటన కాదన్నమాట. స్కాట్లండ్ ప్రభుత్వ ఆరోగ్య విభాగం అధికారి ఒకరు, పొగతాగడం తప్పు కాదన్న భావం దీనివల్ల పిల్లల్లో పెరుగుతుందని అభ్యంతరం చెప్పారు. లోపల సీడీ మీద ఉన్న బొమ్మ సిగరెట్ పీకలతో నిండిన యాష్‌ట్రే. ఆయన అది కూడా చూశారో లేదో మరి.

పాటలు దేని గురించి? అన్నీ ఒకేలా ఉన్నాయే?

సౌండ్ ఒకేలా ఉందంటే ఒప్పుకుంటాను, ముఖ్యంగా మధ్యలో. మాటల్లో మాత్రం ఏ రెండు పాటలూ ఒకటి కావు. ఈ ఆల్బమ్ అంతలా పట్టేయడానికి కారణం గిటార్లు కాదు, టర్నర్ కళ్లు. ఓ చిన్న ఊళ్లో శనివారం రాత్రి ఏం జరుగుతుందో పక్కన నిలబడి చూసి, పూసగుచ్చినట్టు చెప్తాడు.

‘ఫ్రమ్ ద రిట్జ్ టు ద రబుల్’లో క్లబ్ గుమ్మం దగ్గర బౌన్సర్లు లోపలికి పంపరు. ఎందుకో చెప్పరు. ఆ కాసేపటి అవమానం, లోపల రగిలే ఉక్రోషం, పొద్దున లేచాక అదే సంగతి చిన్నదైపోవడం అంతా మూడు నిమిషాల్లో అయిపోతుంది. ‘రెడ్ లైట్ ఇండికేట్స్ డోర్స్ ఆర్ సెక్యూర్డ్’ టాక్సీ పాట. అర్ధరాత్రి ఇంటికెళ్లడానికి కుర్రాళ్లు ఒకే టాక్సీలో ఆరుగురం ఎక్కుతామని బేరమాడతారు, అంతకు ముందు క్యూలో జరిగిన గొడవ తలుచుకుంటారు. పాట పేరు కూడా టాక్సీ తలుపు దగ్గర ఎర్రలైటు పక్కన రాసి ఉండే హెచ్చరికే. రోజూ ఎక్కేవాడు కూడా చదవని మాటని తీసి పాటకు పేరు పెట్టేశాడు.

‘వెన్ ద సన్ గోస్ డౌన్’ బరువైన పాట. బ్యాండ్ ప్రాక్టీస్ చేసుకునే నీప్సెండ్ ప్రాంతంలో రాత్రిళ్లు రోడ్డు మీద నిలబడే ఆడమనిషి, ఆమె మీద బతికే మగాడు ఇందులో ఉంటారు. మొదట ఒంటి గిటార్‌తో దాదాపు కబుర్లు చెప్తున్నట్టు సాగి, ఒక్కసారిగా బ్యాండంతా విరుచుకుపడుతుంది. ఆమె మీద నీతులు లేవు, కోపమంతా వాడి మీదే.

‘ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో’ తమ చుట్టూ ఉన్న బ్యాండ్ల మీద వెటకారం. పుట్టింది పక్క ఊరు రాథరమ్‌లో, పాడేది అమెరికా యాసలో. ‘నువ్వు న్యూయార్క్ వాడివి కాదురా’ అని మొహమ్మీదే చెప్తాడు. ఈ పాట వింటే బ్యాండ్ ఏం చేయదలచుకుందో మొత్తం అర్థమవుతుంది: మన ఊరు, మన యాస, మనం చూసిందే పాట. ‘మార్డీ బమ్’ అలిగిన ప్రియురాలిని బతిమాలే పాట. అందరికీ ఇష్టం, నాకూ.

‘పర్‌హాప్స్ వాంపైర్స్’ మాత్రం స్కిప్ చేసినా నష్టం లేదు. బ్యాండ్ పైకొస్తుంటే పక్కన చేరి మాట్లాడేవాళ్ల మీద విసుగు తప్ప అందులో పెద్దగా ఏం లేదు.

ఒక్క పాట మాత్రమే వినాలంటే ఏది?

చివరిది, ‘ఎ సర్టెన్ రొమాన్స్’. ఐదున్నర నిమిషాలు ఉంటుంది. మొదలవడమే డ్రమ్స్ హోరుతో, తర్వాత గిటార్ హాయిగా ఊగుతూ వస్తుంది, మాటలు చాలాసేపటికి గానీ రావు. ట్రాక్ ప్యాంట్ అంచుల్ని సాక్సుల్లో దోపుకుని తిరిగే, పూల్ ఆట కర్రలతో కొట్టుకునే ఊరి కుర్రాళ్ల గురించి పాట. ఇక్కడ ప్రేమా లేదు, సంగీతమూ లేదు, ఫోన్లలో రింగ్‌టోన్ల గోల తప్ప అని ఏకిపారేస్తాడు. అలా తిట్టి తిట్టి చివర్లో గొంతు మారుతుంది. వాళ్లలో నా దోస్తులూ ఉన్నారు, హద్దు దాటుతారు, కానీ వాళ్ల మీద అంత కోపం రాదు అంటాడు. అక్కడితో మాటలు ఆపేసి మిగతాది గిటార్లకు వదిలేస్తాడు. ఊళ్లో పెరిగి, కొంచెం చదువుకుని, పాత స్నేహితుల్ని చూసి ఒకే క్షణంలో సిగ్గూ ప్రేమా రెండూ కలిగినవాళ్లకి ఈ పాట గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

యాస అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

మొదటిసారి లిరిక్స్ ముందు పెట్టుకుని వినండి. దక్షిణ ఇంగ్లండ్ వాళ్లకే కొన్ని ముక్కలు తెలియలేదు, మనమెంత. టర్నర్ యార్క్‌షైర్ యాసను దాచుకోకుండా పాడతాడు, పైగా ఒక్క లైన్లో రెండు లైన్ల మాటలు కుక్కుతాడు. రెండోసారికి చెవి పడుతుంది. బూతులు కొన్ని ఉన్నాయి, ఇంట్లో స్పీకర్లో పెట్టేముందు చూసుకోండి.

అమ్మకాల రికార్డ్ సంగతేంటి? ఇప్పటికీ వీళ్లదేనా?

మొదటి రోజే లక్షకు పైగా, మొదటి వారంలో 3,63,735 కాపీలు. మన సినిమావాళ్ల భాషలో చెప్పాలంటే ఓపెనింగ్స్‌లో ఇండస్ట్రీ హిట్. ఆ వారం చార్టులో టాప్ 20లోని మిగతా ఆల్బమ్‌లన్నీ కలిపినా ఇన్ని అమ్ముడుపోలేదు.

అప్పటిదాకా మొదటి ఆల్బమ్‌లలో రికార్డ్ హియర్‌సే అనే గ్రూపుది. 2001లో 3,06,631. అది ‘పాప్‌స్టార్స్’ అనే టీవీ పోటీ షోలో తయారైన గ్రూపు. వీళ్ల రికార్డ్‌ను 2007లో దాటింది లియోనా లూయిస్, ఆమె ‘ఎక్స్ ఫ్యాక్టర్’ విజేత. 2009లో ఆమెను దాటింది సుజన్ బాయిల్, ఆమె ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’ నుంచి వచ్చింది. ముందొకరు, వెనక ఇద్దరు, అందరూ టీవీ షోల వాళ్లే. వారాల తరబడి దేశమంతా టీవీలో చూసిన మొహాలవి. మధ్యలో, ఊరికే సీడీలు పంచుకున్న నలుగురు కుర్రాళ్లు. అంకెల కన్నా ఈ వరస చూస్తేనే అప్పుడు అంత గగ్గోలు ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

అమెరికాలో అంత ఊపు లేదు. మొదటి వారం సుమారు 34 వేలు, బిల్‌బోర్డ్ చార్టులో 24వ స్థానం. బ్రిటన్ ఇండీ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌కి అది మంచి లెక్కే.

విమర్శకులు ఏమన్నారు?

బ్రిటన్‌లో దాదాపు అందరూ ఎత్తుకున్నారు. ‘ఎన్ఎమ్ఈ’ పత్రిక పదికి పది ఇచ్చింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆల్బమ్ షాపుల్లోకి వచ్చిన కొద్దిరోజులకే అదే పత్రిక ‘అత్యుత్తమ బ్రిటిష్ ఆల్బమ్‌లు 100’ అంటూ జాబితా వేసి, దీన్ని ఐదో స్థానంలో పెట్టింది. బీటిల్స్ ఆల్బమ్‌లన్నీ దీని కిందే! ఇది ఆల్బమ్‌కి మేలు చేయలేదు. జనం పాటల్ని వదిలేసి ‘అంత సీనుందా’ అన్న గొడవలో పడ్డారు. నన్నడిగితే మొదటి ఆల్బమ్‌ల జాబితాలో దీనికి పైవరసలో చోటుంది, కానీ వారం వయసున్న ఆల్బమ్‌ని ఎవరితోనూ పోల్చకూడదు.

అమెరికా విమర్శకులు కాస్త చల్లగా చూశారు. సంగీత వెబ్‌సైట్ ‘పిచ్‌ఫోర్క్’ పదికి ఏడు పైచిలుకు ఇచ్చి ఊరుకుంది. మరోవైపు ‘టైమ్’ పత్రిక ఆ ఏడాది అత్యుత్తమ ఆల్బమ్‌గా దీన్నే ఎంచింది.

హైప్ ఏ స్థాయికి వెళ్లిందంటే, అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ కూడా ఓ ఇంటర్వ్యూలో, ఆర్కిటిక్ మంకీస్ వింటే పొద్దున్నే బాగా మెలకువ వస్తుందన్నట్టు మాట్లాడారు. కుర్రకారు ఓట్ల కోసం తిప్పలని పేపర్లు చాలాకాలం ఆటపట్టించాయి.

అవార్డులు?

2006 మెర్క్యురీ ప్రైజ్ వీళ్లకే వచ్చింది. టర్నర్ వేదికెక్కి, రిచర్డ్ హాలీని దోచేశారు, పోలీసులకు ఫోన్ చేయండి అన్నాడు. హాలీ కూడా షెఫీల్డ్ గాయకుడే, ఆ ఏడాది పోటీలో ఉన్నాడు. బ్రిట్ అవార్డుల్లో 2006లో కొత్త బ్యాండ్‌గా, 2007లో ఉత్తమ గ్రూపుగా, ఉత్తమ ఆల్బమ్‌కీ గెలిచారు. 2007 సభకు వెళ్లలేదు, చిత్రమైన వేషాలు కట్టి వీడియో పంపారు. గ్రామీకి నామినేట్ అయినా రాలేదు.

బేస్ గిటారిస్ట్ మారాడు కదా, ఏమైంది?

ఆల్బమ్ వచ్చిన నాలుగు నెలలకే, 2006 మేలో, వరస టూర్లతో అలసిపోయానని ఆండీ నికల్సన్ ఉత్తర అమెరికా టూర్‌కి వెళ్లలేదు. నిక్ ఓ'మాలీ తాత్కాలికంగా వచ్చాడు. జూన్‌లో నికల్సన్ ఇక తిరిగి రాడని ప్రకటించారు, ఓ'మాలీ ఉండిపోయాడు. అంటే ఈ ఆల్బమ్ చేసిన నలుగురూ దాని విజయాన్ని కలిసి చూసింది కొన్ని నెలలే.

తర్వాతి ఆల్బమ్‌లు కూడా ఇలాగే ఉంటాయా?

రెండోది, 2007 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఫేవరెట్ వర్స్ట్ నైట్‌మేర్’, దీనికి దగ్గర చుట్టం. ఇంకా వేగం, ఇంకా మోత. అక్కడి నుంచి దారి మారింది. అమెరికా ఎడారికి వెళ్లి అక్కడి రాక్ గాయకుడు జాష్ హామీతో చేసిన ‘హమ్‌బగ్’ 2009లో వచ్చింది, 2018 నాటికి టర్నర్ పియానో ముందు కూర్చున్నాడు. మొదటి ఆల్బమ్‌లా ఇంకోటి చేయమని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ముప్పై దాటినవాడు క్లబ్ బయట క్యూ గురించి రాస్తే ఎవరు నమ్ముతారు?

ఈ పాటలు స్టేజి మీద ఇంకా పాడతారా?

‘డాన్స్‌ఫ్లోర్’ ఎక్కువ ప్రోగ్రాముల్లో ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో కూడా అదే వాయించారు. మిగతావి టూర్‌ని బట్టి మారుతుంటాయి. 2018లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఇచ్చిన ప్రోగ్రామ్ 2020లో లైవ్ ఆల్బమ్‌గా వచ్చింది, ఆ డబ్బు యుద్ధాల్లో చిక్కుకున్న పిల్లల కోసం పనిచేసే వార్ చైల్డ్ సంస్థకు వెళ్లింది. ‘ద వ్యూ ఫ్రమ్ ది ఆఫ్టర్‌నూన్’, ‘ఫ్రమ్ ద రిట్జ్ టు ద రబుల్’ అందులో ఉన్నాయి. పాత పాటలు ఇప్పటి గొంతులో ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే అక్కడ మొదలుపెట్టండి.